ద్రవరాజానికీ లొంగని లోహం: టాంటలం

బంగారాన్ని శుద్ధి చేసే చోట ఒక ద్రావకం వాడతారు. మూడు పాళ్ళ గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఒక పాలు గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపితే అది తయారవుతుంది. నారింజ రంగులో, ఘాటైన పొగలు కక్కే ఈ మిశ్రమాన్ని ద్రవరాజం అంటారు. విడివిడిగా ఆ రెండు ఆమ్లాల్లో ఏదీ బంగారాన్ని ఏమీ చేయలేదు. రెండూ కలిస్తే మాత్రం బంగారం కరిగిపోతుంది, వేడి చేస్తే ప్లాటినం కూడా కరుగుతుంది. అదే పాత్రలో ఒక టాంటలం తీగముక్క వేసి రోజుల తరబడి వదిలేసినా, తీసి కడిగి తూచి చూస్తే బరువులో తేడా కనిపించదు.

ఇది విన్నవారికి టాంటలం బంగారం కన్నా నిర్లిప్తమైన లోహమేమో అనిపిస్తుంది. నిజం అందుకు పూర్తిగా విరుద్ధం. బంగారానికి ఆక్సిజన్ అంటే ఆసక్తి లేదు, అందుకే తుప్పు పట్టదు. టాంటలానికి ఆక్సిజన్ అంటే విపరీతమైన ఆకర్షణ. గాలి తగిలిన క్షణంలోనే దాని ఉపరితలం ఆక్సిజన్‌తో చర్య జరిపేస్తుంది. ఆ చర్యలో పుట్టే పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది. టాంటలం గురించి తెలుసుకోవలసిన విషయాల్లో చాలా భాగం ఈ పొర దగ్గరే మొదలవుతుంది.

పైపొరే ప్రాణం

ఆవర్తన పట్టికలో టాంటలం 73వ మూలకం. ఛాయ నీలి కలిసిన బూడిద రంగు. సాంద్రత ఘన సెంటీమీటరుకు 16.6 గ్రాములకు పైగా ఉంటుంది. అంటే ఇనుముకు రెండింతలు, సీసానికి ఒకటిన్నర రెట్లు బరువు. 3,017 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. లోహాల్లో ఇంతకన్నా ఎక్కువ వేడికి గాని కరగనివి మూడే: టంగ్‌స్టన్, రీనియం, ఆస్మియం. అంత మొండి లోహమైనా శుద్ధంగా ఉంటే మెత్తగా సాగుతుంది. సన్నని తీగగా లాగవచ్చు, కాగితంలాంటి రేకుగా కొట్టవచ్చు. ఇంత వేడికి తట్టుకునే లోహాల్లో ఈ సాగే గుణం అరుదు.

ఇనుము కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది. కానీ ఇనుప తుప్పు గుల్లగా ఉంటుంది, పెచ్చులుగా ఊడిపోతుంది. ఊడిన చోట కొత్త ఇనుము బయటపడి అదీ తుప్పు పడుతుంది. ఈ వరస లోహమంతా అయిపోయేదాకా సాగుతుంది. అల్యూమినియం కథ కొంత మెరుగు. దాని ఆక్సైడ్ పొర గట్టిగా అంటుకుని ఉంటుంది గనుకనే వంటగిన్నెలు ఏళ్ళ తరబడి మన్నుతాయి. అయితే ఆ పొర ఆమ్లంలోనూ క్షారంలోనూ కరిగిపోతుంది. అల్యూమినియం పాత్రలో చింతపండు పులుసు నిలవ ఉంచవద్దని ఇళ్ళలో చెప్పే మాటకు కారణం అదే.

టాంటలం మీద ఏర్పడే పెంటాక్సైడ్ పొరకు ఈ రెండు లోపాలూ లేవు. రెండు టాంటలం పరమాణువులకు అయిదు ఆక్సిజన్ పరమాణువుల లెక్కన కూడిన ఈ పొర మందం కొన్ని నానోమీటర్లే. తలవెంట్రుక మందంలో సుమారు ఇరవై వేలో వంతు అనుకోవచ్చు. అందులో రంధ్రాలు ఉండవు, పెచ్చులు లేవవు. గీత పడితే, చుట్టూ ఏ కొంచెం నీరో ఆక్సిజనో ఉన్నా ఆ గీత వెంటనే పూడిపోతుంది. అన్నిటికీ మించి దాదాపు ఏ ఆమ్లమూ దాన్ని కరిగించలేదు. 150 డిగ్రీల సెల్సియస్ లోపు నైట్రిక్, హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలన్నిటినీ టాంటలం తట్టుకుంటుంది. ఈ విషయంలో దానికి పోటీ రాగలిగినది గాజే.

అరవై ఏళ్ళ తికమక

ఈ మొండితనమే లోహానికి పేరు తెచ్చింది. 1802లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పనిచేస్తున్న ఆండర్స్ గుస్తావ్ ఎకెబెర్గ్ రెండు ఖనిజాలను పరీక్షిస్తున్నాడు. ఒకటి స్వీడన్‌లోని యిట్టర్బీ గ్రామం నుంచి, రెండోది ఫిన్లాండ్‌లోని కిమిటో నుంచి వచ్చాయి. రెండిట్లోనూ ఒక కొత్త ఆక్సైడ్ దొరికింది. ఎంత ఆమ్లం పోసినా అది తనలోకి ఆమ్లాన్ని తీసుకోలేదు. గ్రీకు పురాణంలో టాంటలస్ అనే రాజుకు ఒక శిక్ష ఉంది. మెడలోతు నీళ్ళలో నిలబడి ఉంటాడు గానీ తాగబోతే నీరు వెనక్కి తగ్గిపోతుంది. ఆమ్లం మధ్యలో ఉండి కూడా ఒక్క బొట్టు తాగలేని ఈ పదార్థానికి ఎకెబెర్గ్ ఆ రాజు పేరే పెట్టాడు.

ఎకెబెర్గ్‌కు చిన్నతనపు జబ్బు వల్ల వినికిడి తగ్గింది. ప్రయోగశాలలో గాజు కుప్పె పేలి ఒక కన్ను పోయింది. వినికిడి యంత్రాల్లోని బుల్లి కెపాసిటర్లకు తర్వాతి కాలంలో టాంటలమే వాడటం మొదలైందని తెలిసే అవకాశం ఆయనకు లేకపోయింది. 1813లో, 46వ ఏట చనిపోయాడు.

ఎకెబెర్గ్ కన్నా ఒక ఏడాది ముందు, 1801లో, లండన్‌లో చార్లెస్ హాచెట్ అమెరికా నుంచి వచ్చి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక నల్లని రాయిలో కొత్త మూలకం ఉందని చెప్పి దానికి కొలంబియం అని పేరు పెట్టాడు. 1809లో విలియం వొలాస్టన్ రెండిటినీ పోల్చి, అవి రెండూ ఒకటేనని తేల్చేశాడు. ఆ మాట తప్పు, కానీ అలా తప్పుపడటంలో ఆశ్చర్యం లేదు. రెండు మూలకాలూ పట్టికలో ఒకే నిలువు వరసలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వాటి పరమాణు పరిమాణాలు దాదాపు సమానం, రసాయన ప్రవర్తన కవల పిల్లల్లా ఉంటుంది, ప్రకృతిలో ఎప్పుడూ ఒకే రాయిలో కలిసి దొరుకుతాయి.

1844లో జర్మనీకి చెందిన హైన్రిక్ రోజ్, టాంటలం ఖనిజాల్లో మరో మూలకం కూడా ఉందని చెప్పి, టాంటలస్ కూతురు నియోబీ పేరు మీద దానికి నియోబియం అని పేరు పెట్టాడు. ఆ వివాదాన్ని నిర్ద్వంద్వంగా తేల్చినవాడు స్విస్ రసాయనవేత్త మారిన్యాక్. 1866లో రెండిటినీ పొటాషియం ఫ్లోరైడ్ లవణాలుగా మార్చాడు. టాంటలం లవణం నీటిలో తక్కువ కరిగి స్ఫటికాలుగా ముందే విడిపోతుంది, నియోబియం లవణం ద్రావణంలోనే ఉండిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా కర్మాగారాల్లో ఈ రెండు లోహాలనూ వేరు చేసింది ఈ పద్ధతితోనే. హాచెట్ కొలంబియం, రోజ్ నియోబియం ఒకటేనన్నది తర్వాత స్థిరపడినా, రెండు పేర్లూ 1949 దాకా పక్కపక్కనే నడిచాయి.

శుద్ధమైన, వంగే టాంటలం చేతికి వచ్చింది 1903లో. బెర్లిన్‌లోని సీమెన్స్-హాల్స్కె సంస్థలో వెర్నర్ ఫాన్ బోల్టన్ దాన్ని తయారు చేశాడు. ఆ సంస్థకు కావలసింది విద్యుత్ దీపంలో వెలిగే తీగ. కొన్నేళ్ళపాటు టాంటలం తీగ దీపాలు ఇళ్ళల్లో వెలిగాయి. తర్వాత ఇంకా ఎక్కువ వేడికి నిలిచే టంగ్‌స్టన్ తీగ రావడంతో టాంటలం దీపాల నుంచి తప్పుకుంది.

లొంగే చోట్లు

మారిన్యాక్ వాడినది ఫ్లోరైడ్ అని గమనించాలి. టాంటలం పొరను చీల్చగలిగిన ముఖ్యమైన ఆయుధం ఫ్లోరిన్. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలోని ఫ్లోరైడ్ అయాన్లు టాంటలం పరమాణువు చుట్టూ చేరి, కరిగిపోయే సంక్లిష్ట అయాన్‌గా దాన్ని ఆక్సైడ్ పొర నుంచి లాగేస్తాయి. అందుకే ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని టాంటలం తట్టుకుంటుంది గానీ ఎరువుల కర్మాగారంలో తయారయ్యే ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని నమ్మడానికి వీల్లేదు. రాక్ ఫాస్ఫేట్‌లోని ఫ్లోరిన్ కొంత ఆ ఆమ్లంలోకి వస్తుంది. మిలియన్‌కు కొన్ని భాగాలున్నా అది చాలు.

గాఢమైన వేడి క్షారాలు, సల్ఫర్ ట్రయాక్సైడ్ కరిగి ఉన్న పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా టాంటలాన్ని తినేస్తాయి. గాలిలో సుమారు 300 డిగ్రీలు దాటితే రక్షించే పొరే శత్రువుగా మారుతుంది. ఆక్సిజన్, నైట్రోజన్ లోపలికి చొరబడి లోహం పెళుసెక్కుతుంది. మూడువేల డిగ్రీల దాకా కరగని లోహాన్ని కొన్ని వందల డిగ్రీల దగ్గరే గాలి నుంచి దాచవలసి రావడం వింతే. అందుకే టాంటలం కొలిమి భాగాలు శూన్యంలోనో జడవాయువులోనో మాత్రమే పనిచేస్తాయి.

లోహంగా ఉన్నప్పుడు బలహీనత అయిన ఫ్లోరిన్, ఖనిజం నుంచి లోహం తీసేటప్పుడు ఏకైక ద్వారం అవుతుంది. పొడి చేసిన ధాతువును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ఆ ద్రావణంలోంచి టాంటలాన్నీ నియోబియాన్నీ నీటితో కలవని సేంద్రియ ద్రావణిలోకి లాగి, విడివిడిగా తీసుకుంటారు. పొటాషియం టాంటలం ఫ్లోరైడ్ స్ఫటికాలను కరిగిన సోడియంతో కలిపి సుమారు 800 డిగ్రీల పైన చర్య జరిపితే టాంటలం పొడి మిగులుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే మొదట పెద్దగా నొప్పి కూడా తెలియకుండానే లోపలికి దిగి ఎముకలోని కాల్షియం దాకా వెళుతుంది. ఈ పరిశ్రమలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. 1986 జూన్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ద్వీపంలో కొత్తగా కట్టిన టాంటలం కర్మాగారాన్ని కాలుష్య భయంతో నిరసనకు దిగిన జనం తగలబెట్టారు.

గాజు రియాక్టరుకు లోహపు బిరడా

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న బల్క్ డ్రగ్ కర్మాగారాల్లో నీలిరంగు గాజుపూత ఉన్న పెద్ద ఉక్కు రియాక్టర్లు వరసగా కనిపిస్తాయి. లోపలి గాజు ఆమ్లాన్ని తట్టుకుంటుంది, బయటి ఉక్కు పీడనాన్ని మోస్తుంది. పనిముట్టు జారిపడో, ఉష్ణోగ్రత హఠాత్తుగా మారో గాజులో గోటి గిచ్చంత పెచ్చు ఊడితే చాలు, ఆమ్లం ఉక్కును చేరుతుంది. మొత్తం రియాక్టరును ఊడదీసి మళ్ళీ గాజు పూయించడం నెలల పని. దానికి బదులు ఆ గాయం మీద చిన్న టాంటలం బిళ్ళను, కింద టెఫ్లాన్ రబ్బరులాంటి వాసరుతో సహా, మరలాగా బిగిస్తారు. గాజుతో సమానంగా ఆమ్లాన్ని తట్టుకోగల లోహం ఇదొక్కటే గనుక ఈ పనికి టాంటలాన్నే వాడతారు.

ఈ అతుకులో ఒక చిక్కు ఉంది. వాసరు సందులోంచి ఆమ్లం కొంచెం లోపలికి దిగి ఉక్కును తాకితే, టాంటలమూ ఉక్కూ కలిసి ఒక చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఉక్కు కరుగుతుంటే టాంటలం మీద హైడ్రోజన్ పుడుతుంది. ఆ హైడ్రోజన్ పరమాణువులు లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా చేస్తాయి. కొన్నాళ్ళకు బిళ్ళ బీటలు వారుతుంది. దీనికి విరుగుడుగా టాంటలం మీద చిన్న ప్లాటినం చుక్కను అతికిస్తారు. హైడ్రోజన్‌కు ప్లాటినం మీద వాయువుగా మారి బయటపడటం తేలిక. దాంతో అది టాంటలం జోలికి రాదు.

టాంటలంతో రియాక్టరు మొత్తాన్ని చేయడం సాధ్యమే గాని ఖర్చు భరించలేరు. ఆమ్లాన్ని వేడి చేసే గొట్టాలకు, ఉష్ణోగ్రత కొలిచే పరికరం తొడుగులకు, ఉక్కు మీద పలుచని అస్తరుగా మాత్రమే వాడతారు. బ్రోమిన్ తయారీలోనూ, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఆవిరి చేసే చోటా ఇది కనిపిస్తుంది.

వేలి గోటి మీద గది నేల

టాంటలం అతిపెద్ద వాడకం ఆమ్లాల మధ్య కాదు, సర్క్యూట్ బోర్డుల మీద. కారణం మళ్ళీ అదే పొర.

కెపాసిటర్ అంటే రెండు లోహపు పలకలు, మధ్యలో విద్యుత్తు దాటలేని పొర. పలకలు ఎంత విశాలంగా ఉంటే, మధ్యలోని పొర ఎంత పలుచగా ఉంటే అంత ఎక్కువ విద్యుదావేశం నిలవ ఉంటుంది. పొర పదార్థానికి ఉండే రోధక స్థిరాంకం కూడా ఎక్కువ కావాలి. టాంటలం ఆక్సైడ్‌కు ఇది సుమారు 27. అల్యూమినియం ఆక్సైడ్‌కు దాదాపు మూడోవంతే.

తయారీ విధానం ఇలా ఉంటుంది. మెత్తని టాంటలం పొడిని ఒక తీగ చుట్టూ చిన్న ఇటుకలా నొక్కి, శూన్యంలో వెయ్యి డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. రేణువులు పూర్తిగా కరగవు, ఒకదానికొకటి అంటుకుంటాయి. ఫలితంగా స్పాంజిలా లోపలంతా గుల్లగా ఉన్న ముద్ద తయారవుతుంది. మేలురకం పొడిలో ఒక్క గ్రాముకే కొన్ని చదరపు మీటర్ల ఉపరితలం దాగి ఉంటుంది. అంటే వేలి గోటి మీద పట్టే ముద్దలో చిన్న గది నేలంత వైశాల్యం ఉంటుందన్నమాట. ఆ ముద్దను విద్యుద్విశ్లేష్య ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపితే, లోపలి ప్రతి గుల్ల గోడ మీదా ఆక్సైడ్ పెరుగుతుంది. ఒక్కో వోల్టుకు సుమారు రెండు నానోమీటర్ల మందం. వోల్టేజీని బట్టి పొర మందాన్ని ఇంత కచ్చితంగా నిర్ణయించగల పదార్థాలు తక్కువ. ఇదే పని చదునైన రేకు మీద చేస్తే మందాన్ని బట్టి బంగారు, ఊదా, నీలి, ఆకుపచ్చ రంగులు కనిపిస్తాయి. సబ్బు బుడగ మీద రంగులు తేలే సూత్రమే ఇక్కడా.

రెండో పలక కోసం ఆ స్పాంజిని మాంగనీస్ నైట్రేట్ ద్రావణంలో ముంచి వేడి చేస్తారు. గుల్లల్లో మాంగనీస్ డయాక్సైడ్ మిగులుతుంది, అది విద్యుత్తును మోస్తుంది. ద్రవం లేని ఈ ఘన కెపాసిటర్‌ను 1950 దశకంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో రూపొందించారు. ట్రాన్సిస్టర్ పుట్టిన చోటే ఇదీ పుట్టింది. చిన్న ట్రాన్సిస్టర్ పక్కన పెద్ద డబ్బాలాంటి కెపాసిటర్ పెట్టాల్సి వస్తే ప్రయోజనం ఏముంటుంది?

మాంగనీస్ డయాక్సైడ్‌తో ఇంకో లాభం ఉంది. ఆక్సైడ్ పొరలో ఎక్కడైనా లోపం ఉండి విద్యుత్తు కారితే, అక్కడ వేడి పుట్టి మాంగనీస్ డయాక్సైడ్ వేరే ఆక్సైడ్‌గా మారుతుంది. ఆ కొత్త పదార్థం విద్యుత్తును బాగా అడ్డుకుంటుంది. లోపం తనంతట తానే మూసుకుపోతుంది. కానీ అదే మార్పులో ఆక్సిజన్ కూడా విడుదలవుతుంది. విద్యుత్తు మరీ ఎక్కువైతే ఆ ఆక్సిజన్‌తో టాంటలం అంటుకుని మంట లేస్తుంది.

ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే విద్యార్థులు, మరమ్మతు పని చేసేవారు ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. మామూలు అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు రుణం. బోర్డు మీద పసుపురంగు లేదా నల్లని ఇటుకలా ఉండే టాంటలం కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు ధనం. అలవాటు ప్రకారం తిప్పి అతికిస్తే రక్షణ పొర తెగిపోయి కెపాసిటర్ కాలిపోతుంది. ఈ పొరపాటు వల్ల పోయిన బోర్డులకు లెక్క లేదు.

మొబైల్ ఫోన్లలో ఈ పనిలో చాలా భాగాన్ని ఇప్పుడు సిరామిక్ కెపాసిటర్లు తీసుకున్నాయి. ఏళ్ళ తరబడి మారకుండా నమ్మకంగా పనిచేయాల్సిన చోట టాంటలం నిలిచింది: గుండెకు అమర్చే పేస్‌మేకర్లు, వినికిడి యంత్రాలు, ఉపగ్రహాలు, విమానాలు. చిప్‌ల లోపల కూడా ఇది ఉంది. రాగి తీగల నుంచి రాగి పరమాణువులు సిలికాన్‌లోకి పాకితే చిప్ పాడైపోతుంది. రెండిటి మధ్య కొన్ని నానోమీటర్ల టాంటలం, టాంటలం నైట్రైడ్ గోడ కడతారు.

మిగిలిన వాడకాలు క్లుప్తంగా: జెట్ ఇంజిన్ బ్లేడ్ల నికెల్ మిశ్రలోహాల్లో కొన్ని శాతం, లేత్ పనిముట్ల కొనల్లో కార్బైడ్ రూపంలో. 2019 ఫిబ్రవరిలో జపాన్ వ్యోమనౌక హయబుసా-2 ర్యుగు గ్రహశకలం మీద పొడి లేపడానికి పేల్చిన అయిదు గ్రాముల తూటా కూడా టాంటలమే.

ఎముక గుర్తుపట్టని లోహం

శరీరం లోపల ఉండేది ఉప్పునీరు. వెచ్చగా ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది, క్లోరైడ్ ఉంటుంది. లోహాలకు ఇది కఠినమైన పరిసరం. మామూలు ఉక్కు దీనిలో కరిగి నికెల్ వంటి అయాన్లను కణజాలంలోకి వదులుతుంది. టాంటలం ఆక్సైడ్ ఈ ద్రవంలో ఏమాత్రం కరగదు గనుక శరీరానికి అక్కడ పరాయి పదార్థం ఉన్నట్టే తెలియదు. 1940ల నుంచి పుర్రె ఎముక విరిగిన చోట పలకలుగా, కుట్లు వేసే తీగగా దీన్ని వాడుతున్నారు.

ఇటీవలి దశాబ్దాల్లో తుంటి, మోకాలు శస్త్రచికిత్సల్లో గుల్ల టాంటలం వచ్చింది. కార్బన్ నురుగు మీద టాంటలాన్ని ఆవిరి నుంచి పేరిస్తే, నాలుగింట మూడు వంతులకు పైగా ఖాళీ ఉన్న స్పాంజి తయారవుతుంది. చూడటానికి ఎముక లోపలి గుల్ల భాగంలా ఉంటుంది, వంగే గుణంలోనూ ఎముకకు దగ్గరగా ఉంటుంది. రోగి ఎముక నెమ్మదిగా ఆ గుల్లల్లోకి పెరిగి లోహాన్ని పట్టుకుంటుంది. బరువైన పరమాణువు కాబట్టి ఎక్స్-రేలో తెల్లగా కనిపిస్తుంది. రక్తనాళాల్లో పెట్టే కొన్ని నికెల్-టైటానియం స్టెంట్ల చివర్లలో చిన్న టాంటలం చుక్కలు ఉండేది డాక్టరుకు స్టెంట్ ఎక్కడుందో కనిపించడానికే.

నల్ల రాయి ఎవరి చేతుల మీదుగా వస్తుంది

భూమి పైపొరలో టన్ను రాతికి టాంటలం ఒకటి రెండు గ్రాములే. ప్రపంచమంతా కలిపి ఏటా తవ్వి తీసేది రెండు వేల టన్నులకు కొంచెం అటూ ఇటూ. రాగి ఏటా రెండు కోట్ల టన్నులు దాటుతుంది. కొలంబైట్-టాంటలైట్ అనే నల్లని బరువైన రాయే దీని ప్రధాన ధాతువు. ఆఫ్రికాలో దీన్ని కోల్టాన్ అంటారు. పెగ్మటైట్లనే పెద్ద స్ఫటికాల రాళ్ళల్లో ఉంటుంది. అవి శిథిలమైతే ఖనిజం బరువు వల్ల వాగుల అడుగున చేరుతుంది. అందుకే పారతో తవ్వి, నీళ్ళలో కడిగి, చేత్తో ఏరుకోవచ్చు. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పేదవాడికి బతుకుతెరువు అయ్యేది ఈ కారణంగానే, తుపాకీ పట్టినవాడికి ఆదాయం అయ్యేదీ ఇదే కారణంగా.

2000 సంవత్సరంలో ఎలక్ట్రానిక్స్ గిరాకీ ఒక్కసారిగా పెరిగి టాంటలైట్ ధర నెలల వ్యవధిలో కొన్ని రెట్లయింది. తూర్పు కాంగోలో అప్పుడు యుద్ధం జరుగుతోంది. గనులు పట్టుకున్న దళాలు ఆ డబ్బుతో ఆయుధాలు కొన్నాయని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2001లో నివేదించింది. 2010లో అమెరికా, ఆ తర్వాత ఐరోపా సంఘం టాంటలం, తగరం, టంగ్‌స్టన్, బంగారం ఎక్కడి నుంచి వచ్చాయో కంపెనీలు వెల్లడించాలని చట్టాలు చేశాయి. ఐరోపా నిబంధన 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. గని దగ్గరే సంచులకు చీటీలు కట్టే ఏర్పాటు వచ్చింది. అయినా చీటీ సంచికే గాని రాయికి కాదు. ఒకసారి ఆమ్లంలో కరిగి శుద్ధి అయిన టాంటలం ఏ కొండ నుంచి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఉత్తర కివూ రాష్ట్రంలోని రుబాయా గనులు ప్రపంచ టాంటలంలో దాదాపు 15 శాతం ఇస్తాయని అంచనా. 2024లో అవి ఎం23 తిరుగుబాటు దళం చేతికి పోయాయి.

మన దేశంలో

టాంటలం ధాతువులో యురేనియం, థోరియం కొంచెం కలిసి ఉంటాయి. భారతదేశంలో చాలాకాలం పాటు దీన్ని పరమాణు ఖనిజాల జాబితాలో ఉంచారు. హైదరాబాద్ బేగంపేటలో ప్రధాన కార్యాలయం ఉన్న పరమాణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన సంచాలకాలయం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్, కర్ణాటకలోని మండ్య వంటి చోట్ల పెగ్మటైట్లను వెతికింది. ఆంధ్రప్రదేశ్‌లో గూడూరు, సైదాపురం వైపున్న నెల్లూరు అభ్రకపు మేఖలలో కూడా కొలంబైట్-టాంటలైట్, సమర్‌స్కైట్ ముక్కలు దొరుకుతాయి. అభ్రకం కోసం తవ్వినవారికి అది పక్కన పారేసే నల్ల రాయి. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో నియోబియం, టాంటలం లోహాలనూ సమ్మేళనాలనూ తయారు చేసే విభాగం ఉంది. దేశంలో ఈ పరిజ్ఞానం ప్రధానంగా అక్కడే పెరిగింది.

2023లో ప్రభుత్వం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో టాంటలం ఒకటి. అదే ఏడాది గనుల చట్టానికి చేసిన సవరణ టాంటలం సహా ఆరింటిని పరమాణు ఖనిజాల జాబితా నుంచి తప్పించి, అన్వేషణలోకి ప్రైవేటు సంస్థలకు దారి తెరిచింది. ఆ నవంబరులోనే పంజాబ్‌లోని సట్లెజ్ నది ఇసుకలో టాంటలం జాడలు కనిపించాయని రోపర్ ఐఐటీ పరిశోధకులు ప్రకటించారు. దేశానికి నిధి దొరికిందన్నట్టు వార్తలు వచ్చాయి. నదిలో రేణువు దొరకడం వేరు, తవ్వితే గిట్టే నిక్షేపం దొరకడం వేరు. హిమాలయాల్లో ఏ శిల నుంచి ఆ రేణువు కొట్టుకొచ్చిందో, అక్కడ ఎంత ఉందో, టన్నుకు ఎన్ని గ్రాములో తేలాకే నిధి అనే మాట వాడాలి. నల్ల రాళ్ళు దొరికిన ప్రతి చోటా గని రాదు.

కరిగించినా తిరిగి రానిది

అరుదైన లోహం కాబట్టి పాత బోర్డుల్లోంచి తిరిగి తీయవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. కెపాసిటర్ల కర్మాగారాల్లో మిగిలిన ముక్కలు, పాత మిశ్రలోహాలు, పనిముట్ల కొనలు తిరిగి వాడకంలోకి వస్తున్నాయి. జనం పారేసే ఫోన్లు, కంప్యూటర్ల నుంచి మాత్రం రావడం లేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2011లో వేసిన లెక్క ప్రకారం, వాడి పారేసిన వస్తువుల నుంచి తిరిగి వస్తున్న టాంటలం ఒక శాతం కన్నా తక్కువ.

కారణం చట్టాల్లో కన్నా రసాయన శాస్త్రంలో ఉంది. పాత బోర్డులను రాగి కొలిమిలో కరిగిస్తారు. బంగారం, వెండి, పల్లాడియం ఆక్సిజన్‌తో కలవవు గనుక కరిగిన రాగిలోకి చేరతాయి, తర్వాత వాటిని విడదీస్తారు. టాంటలం కొలిమిలో ఆక్సైడ్‌గా మారి, పైన తేలే లోహమలంలో కలిసిపోతుంది. కొలిమి చల్లారాక ఆ మలాన్ని గుట్టగా పోస్తారు. దాంట్లో టాంటలం మళ్ళీ పలుచగా, రాతిలో ఉన్నట్టే చెదిరి ఉంటుంది. బోర్డు కొలిమికి వెళ్ళకముందే కెపాసిటర్లను చేత్తోనో యంత్రంతోనో ఊడదీసి వేరుగా పోగు చేస్తే లోహం దక్కుతుంది. పసుపు ఇటుక మీద గీత ఏ వైపు ఉందో తెలిసిన మరమ్మతు పనివాడికి వాటిని గుర్తుపట్టడం ఒక నిమిషం పని. ఇప్పటికి పాత సామాను దుకాణాల్లో రాగికీ అల్యూమినియానికీ ధర కడతారు, ఆ ఇటుకలకు వేరుగా ధర కట్టడం ఇంకా అలవాటు కాలేదు.